మోసూల్ హకీం సూది, మా ఎక్స్‌ఎల్ బండి

నవంబర్ 3, ఆదివారం

కాలనీ హాలులో ఈ రోజు అడా దొరసాని గురించి చెప్పాను. కంప్యూటర్ అనే వస్తువు ఇంకా పళ్లచక్రాల బొమ్మగా కాగితం మీదే ఉన్న రోజుల్లో, ఈ యంత్రం లెక్కలే కాదు, ఏనాటికైనా సంగీతం కూడా కడుతుందని రాసిపెట్టిన మనిషి. నూట ఎనభై ఏళ్ల కిందటి మాట. చప్పట్లు బాగా పడ్డాయి. ఒకావిడ మాత్రం, ఆ దొరసానికి పిల్లలెందరని అడిగింది. ముగ్గురని చెప్పాను. అక్కడితో ఆవిడకు అడా మీద గౌరవం కలిగింది.

నేను బడిలో చదివింది మూడో తరగతి. మిగతాదంతా తూకం మీద చదివాను. నలభై ఏళ్లు పాత పేపర్ల దుకాణం నడిపినవాడికి పుస్తకాలకు కరువేమిటి? తంటా ఒక్కటే. కిలోల లెక్కన వచ్చే పుస్తకాల్లో సగానికి మొదలుండదు, సగానికి చివరుండదు. అందుకే నాకు తెలిసిన మహానుభావుల్లో కొందరు ఇంకా పుట్టలేదు, కొందరు ఇంకా చావలేదు. ఇప్పుడు దుకాణం మా అబ్బాయి ఏజాజ్ చూసుకుంటున్నాడు. పుస్తకం తెరవకుండానే తూస్తాడు. వ్యాపారం అన్నాక అలాగే ఉండాలి.

కాలనీ సంఘం కార్యదర్శి చక్రపాణి సాబ్‌ది రాజమండ్రి. బ్యాంకులో పనిచేసి రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. పాత పేపర్లు అమ్మడానికి దుకాణానికొచ్చి, నా ముచ్చట్లలో పడి, మర్నాడు పేపర్లు లేకుండానే వచ్చాడు. ఈ ఆదివారం ప్రసంగాలు ఆయన పుణ్యమే. "రేపటిని నిన్ననే చూసినవారు" అని బ్యానర్ కూడా కట్టించాడు. బ్యానర్ మీద నా ఫొటో కొంచెం మసకగా పడింది. హాలులో ట్యూబ్‌లైట్లు కూడా నీరసంగా ఉన్నాయి. సంఘం వాళ్లు కరెంటు పొదుపు చేస్తున్నారేమో.

నవంబర్ 5, మంగళవారం

ఏజాజ్‌తో చెప్పి ఇంట్లో ట్యూబ్‌లైట్ మార్పించాను. కొత్తది పాతదానికంటే అధ్వానం.

నవంబర్ 8, శుక్రవారం

నమాజ్ అయ్యాక మా ఆవిడ షహర్ బానును ఎక్కించుకుని షామీర్‌పేట వెళ్లొచ్చాను. ఆమె చెల్లెలు సైమా ఇల్లు అక్కడే.

మా ఎక్స్‌ఎల్ బండి మీద ప్రయాణం ఇప్పుడు ఒక పద్ధతికి వచ్చింది. హ్యాండిలూ బ్రేకూ నావి. దారి బానుది. వెనక కూర్చుని ఒక చేత్తో నా భుజం పట్టుకుని చెబుతూ ఉంటుంది. "ఎడమకు." "ముంగట స్పీడ్ బ్రేకర్ ఉంటది, మెల్లగ." "గీ మూల కాడ కుక్కలుంటయ్, హారన్ గొట్టు." నేను అడగలేదు. ఏ ఎండాకాలంలోనో ఆమే మొదలుపెట్టింది. మాట్లాడే సరదా. నేనూ కాదనలేదు, పెద్దావిడ సరదా ఎందుకు చెడగొట్టాలి?

ఒకసారి ఆలోచిస్తే, నడిపేవాడు చూడనక్కరలేని బండి కోసం అమెరికాలో పెద్ద పెద్ద కంపెనీలు ఇంకా తంటాలు పడుతున్నాయట. మా ఊరు గౌడవెల్లిలో అది ఎప్పుడో రోడ్డు మీద తిరుగుతోంది. టెస్లా సాబ్ బతికుండగా చూసి ఉంటే మెచ్చుకునేవాడు. బండి మీద పేరు ఉన్న టెస్లా కాదు, అసలు మనిషి. ప్రతి మనిషీ కోటు జేబులో ఒక పరికరం వేసుకుని, ప్రపంచంలో ఎవరితోనైనా ఎదురుగా ఉన్నట్టే చూసుకుంటూ మాట్లాడతాడని 1926లోనే చెప్పినవాడు. ఆయన చివరికి ఏమయ్యాడో నాకు తెలియదు. ఆ పేజీలు మా దుకాణం పక్క బజ్జీల బండికి పోయాయి.

తిరిగొచ్చేటప్పుడు చెరువు దాటాక "స్పీడ్ బ్రేకర్!" అని బాను గట్టిగా అరిచింది. గబుక్కున బ్రేకు వేశాను. స్పీడ్ బ్రేకర్ లేదు. రోడ్డు కొత్తగా వేసినప్పుడు తీసేశారట. వెనక ట్రాలీ ఆటోవాడు అమ్మా నాయినల దగ్గర్నుంచి తిట్లు అందుకున్నాడు.

"పాత అలవాటు జీ," అంది బాను.

జాగ్రత్త ఎక్కువైనా నష్టం లేదు.

నవంబర్ 10, ఆదివారం

ఈ రోజు మోసూల్ హకీం కథ చెప్పాను. నా కథలన్నిటిలో ఇదే నాకు ప్రాణం.

వెయ్యేళ్ల కిందట మోసూల్ పట్నంలో ఒక కంటి హకీం ఉండేవాడు. కంట్లో తెల్ల పొర వచ్చి చూపు పోతే, అందరూ సూదితో ఆ పొరను పక్కకు నెట్టేవారు. ఈయన బోలు సూది చేయించాడు. లోపల సన్నని రంధ్రం. దాన్ని కంట్లోకి దింపి ఆ పొరను బయటికి పీల్చేశాడు. నేను ఎడమ చెయ్యి కన్నుగా పెట్టి, కుడి చేత్తో పెన్ను పట్టుకుని మెల్లగా, మెల్లమెల్లగా దింపాను. ముందు వరసలో ఒక పిల్ల ఏడ్చింది. అదీ కథంటే.

చక్రపాణి సాబ్ లేచాడు. "సత్తార్ గారూ, చిన్న మనవి. మా కాశీ వైద్యులు అంతకు వెయ్యేళ్ల ముందే కంటి పొర తీశారండీ."

"తియ్యలేదు సాబ్, పక్కకు జరిపిండ్రు. తీసినాయన మా మోసూల్ ఆయన."

"జరపడం రాకపోతే తియ్యడం ఎక్కడి నుంచి వస్తుందండీ?"

"సామాను జరిపితె ఇల్లు ఖాళీ అయితదా సాబ్?"

హాలంతా నవ్వు. చివరికి సగం సగం పంచుకున్నాం. కన్ను వాళ్లది, సూది మాది.

అందరూ వెళ్లాక చక్రపాణి సాబ్ నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "ఏమనుకోకండి. మీరు కాగితం తలకిందులుగా పట్టుకుని చదివారండీ. మొదటి నుంచి చివరి దాకా."

నోటికి వచ్చిన కథకు కాగితం ఎటు ఉంటేనేం? చేతిలో ఏదో ఒకటి ఉండాలి కాబట్టి పట్టుకున్నాను. ఆ మాటే చెప్పాను. ఆయన తల ఊపాడు. ఊపాడనుకుంటాను.

నవంబర్ 11, సోమవారం

చక్రపాణి సాబ్ ఊరుకోలేదు, మా మనవరాలు సనాకు ఫోన్ చేశాడు. సనా తుర్కపల్లిలో మందుల ల్యాబులో పనిచేస్తుంది. సాయంత్రం కంపెనీ క్యాబ్ దిగి చెప్పులైనా విప్పకుండా ఫోన్ టార్చి నా కళ్లలో కొట్టింది.

"దాదా, రెండు కండ్లల్ల తెల్లగ కనబడ్తున్నది. మోతియా, కంటి శుక్లం. ఆపరేషన్ జేయించాలె."

"ట్యూబ్‌లైట్ మంచిగ లేదు బిడ్డా."

"ట్యూబ్‌లైట్ మంచిగనే ఉన్నది. పదినిమిషాల పని దాదా, నొప్పి గూడ ఉండదు. నువ్వే గద నిన్న హాల్ల గంట సేపు చెప్పినవ్."

చెప్పాను. చెప్పడం వేరు. హకీం సూదిని దింపాడు, పొరను పీల్చాడు. అక్కడితో నా పుస్తకంలో పేజీలు అయిపోయాయి. ఆ తర్వాత పేషెంటుకు చూపు వచ్చిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఇన్నేళ్లుగా ఆ కథను చప్పట్ల దగ్గర ఆపేస్తున్నాను, ఎవరూ అడగలేదు.

భయం కాదు. చలికాలం పోనీ అన్నాను.

నవంబర్ 14, గురువారం

బాను కూడా సనా పక్షానే చేరింది. "పొయ్యి చేయించుకో జీ. రోజు ఒకరి మొకం ఒకరనుకొని సలాం గొడ్తున్నవ్. మొన్న కరెంటు స్తంభానికి గూడ గొట్టినవ్."

"గంత సులువైతె నువ్వే చేయించుకో," అన్నాను.

ఏదో మాటవరసకు అన్నాను. ఆమె చేతిలోని చాట కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి నాతో మాట లేదు.

నాకేం ఫరక్ పడదు. ఇంట్లో ఇప్పుడు ప్రశాంతంగా ఉంది.

నవంబర్ 15, శుక్రవారం

మాట లేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. కోపం ఎంత ఉందో నాలుకకు తెలిసింది.

నవంబర్ 16, శనివారం

ప్రశాంతత మరీ ఎక్కువైంది.

నవంబర్ 17, ఆదివారం

బాను చెయ్యి విరిగింది. రాయబుద్ధి కావడం లేదు.

నవంబర్ 19, మంగళవారం

ఇవాళ రాస్తాను.

ఆదివారం సైమా మనవడి అఖీఖా దావత్, పుట్టువెంట్రుకలు తీయించి పెట్టే విందు. మాటలు లేకపోయినా దావత్‌కు పోక తప్పదు కదా. కాలనీ ప్రసంగం మానేసి, బానును వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాను. భుజం మీద చెయ్యి ఉంది, మాట లేదు. నేనూ అడగలేదు. నాకూ పౌరుషం ఉంది. దారి సగం అలవాటు మీద, సగం అల్లా మీద భారం వేసి నడిపాను.

షామీర్‌పేట ఇంకా కొంత దూరం ఉందనగా బండి ముందు చక్రం మెత్తటి దేంట్లోకో దిగింది. గట్టి నేల మీద ఉన్నట్టుండి ఇసుక ఎక్కడిదా అనుకునేలోపు మేమిద్దరం గాల్లో ఉన్నాం. వడ్లు. కోతలు కదా, రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టుకున్నారు. నేను కుప్పలో పడ్డాను. బాను రాళ్ల మీద పడింది.

వడ్ల యజమాని గండయ్యట, చేతిలో పార పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏం తాతా! గింత పచ్చగ, రోడ్డుకు సగం దాంక పోసిన. నీకు కనబడకపోతె పోనియ్యి. ఎనక కూసున్న అవ్వకు గూడ కనబడకపాయెనా?"

"ఆమె నాతోని మాట్లాడ్తలేదు కొడకా."

వాడు పార కింద పెట్టేశాడు. "మాట్లాడకపోతె ఏంది, అరవొచ్చు గద!" అని, బాను చెయ్యి చూడగానే గొంతు మారిపోయింది. "అయ్యో అవ్వా, కదపకు, కదపకు." తన తువ్వాలుతోనే చెయ్యి కట్టాడు. సనాకు ఫోన్ చేస్తే, ఆమె చెప్పగా చక్రపాణి సాబే ముందు కారు వేసుకుని వచ్చాడు. దారి పొడుగునా కాశీ వైద్యుల ఊసు ఎత్తలేదు. అప్పుడు తెలిసింది నాకు సంగతి ఎంత పెద్దదో.

మణికట్టు ఎముక విరిగిందట. ప్లాస్టర్ వేశారు. నాకు మోకాలు దోక్కుపోయింది, అంతే. ఇది న్యాయంగా లేదు.

ఆస్పత్రిలో బానును అడిగాను. "కోపమే గద? అందుకే చెప్పలే?"

"కోపం లేదు జీ."

"మరి?"

అటు తిరిగి పడుకుంది.

కోపమే. ఎంత కోపముంటే మొగుణ్ణి వడ్లలోకి తోలుతుంది! నేను మాత్రం ఆమెను మాఫ్ చేసేశాను.

నవంబర్ 21, గురువారం

మాఫ్ చేశానని బానుతో చెప్పాను. పళ్లెం గట్టిగా నెట్టేసింది.

నవంబర్ 23, శనివారం

ఇది రాయక తప్పదు.

సాయంత్రం ఇద్దరం గడప దగ్గర కూర్చున్నాం. బానుకు మనసు కాస్త మెత్తబడినట్టుంది, నా పక్కనే పీట వేసుకుంది. వీధిలో ఎవరో మా వైపే వస్తున్నారు. తెల్లటి ఆకారం, అంతే. నాకు ఇదీ అలవాటే, మెల్లగా అడిగాను. "ఎవరు బానూ?"

"సలాం గొట్టు జీ ముందుగాల. ఆయన పలికితె గొంతు వట్టి చెప్త."

సలాం కొట్టాను. వచ్చినవాడు పలికాడు. "మన వసీమ్," అంది బాను. వసీమ్ నా మోకాలి సంగతి అడిగి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

గొంతు పట్టి చెబుతుందట.

"బానూ, నీకు కూడానా?"

బాను పీట కొంచెం అవతలికి జరుపుకుంది.

"ఎప్పటి సంది?"

"రంజాన్ ముందుగాల సంది."

"మరి బండి మీద? ఎడమకు, కుడికి, స్పీడ్ బ్రేకర్..."

"గా తొవ్వల మనం పెండ్లైన కాన్నుంచి పోతున్నం జీ. ఏడ గుంత ఉన్నదో, ఏడ మూల ఉన్నదో నాకు యాదికున్నది. గాలి సల్లగ తగిల్తె చెరువు. కోళ్ల వాసనొస్తె ఫారం. గాడికెల్లి లెక్క వెట్టుకుంట చెప్పేది."

"మరి వడ్లు?"

"వడ్లు అయ్యాల్లనే పోసిండ్రు. నాకెట్ల యాదికుంటది?"

ఒక్క క్షణం నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఇన్ని నెలలు ఒక గుడ్డివాడు, పాత దారిని జ్ఞాపకం చేసుకునే ఒక గుడ్డిదాన్ని నమ్ముకుని, లారీల మధ్య బండి తోలాడు. తీసేసిన స్పీడ్ బ్రేకర్‌కు ఎందుకు అరిచిందో, పప్పులో ఉప్పు ఎందుకు రెండుసార్లు పడిందో అప్పుడు తెలిసింది! ముందు నవ్వే వచ్చింది. బాను కూడా ప్లాస్టర్ చెయ్యి ఒళ్లో పెట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ ఇద్దరం ఒకేసారి ఆగాం.

"చెప్పొద్దా బానూ?"

"చెప్తె బండి బంద్ జేస్తవ్. బండి బంద్ అయితె సైమాను ఎట్ల జూడాలె?"

"సనాకన్న చెప్పొచ్చు గద. ఆపరేషన్ జేయించేది."

బాను గొంతు చిన్నదైపోయింది. "నాకు గా సూది భయం జీ."

"ఏ సూది?"

"నీ మోసూలాయన సూది. పెండ్లైన కాన్నుంచి చెప్తున్నవ్. కంట్ల దింపిండు, మెల్లగ దింపిండు, లోపలికెల్లి పీల్చిండు. పిలగాండ్లకు చెప్పినవ్, సుట్టాలకు చెప్పినవ్, ఏజాజ్ పెండ్లిల బిర్యానీ కాడ గూడ చెప్పినవ్. నాకు కండ్లు మసకైన దినం సంది గా సూదే కండ్ల ముంగట ఆడ్తాంది. సూపు పోతె పోనియ్యి గని గా సూది నాకొద్దు."

ఇంకేం రాయను. రాయడానికేమీ లేదు.

నవంబర్ 24, ఆదివారం

కాలనీ ప్రసంగానికి వెళ్లలేదు. ఏ నోటితో వెళ్లను?

చక్రపాణి సాబ్ పూతరేకులు పట్టుకుని ఇంటికే వచ్చాడు. మొత్తం చెప్పాను. విని, "పోనీలెండి, కాశీ వాళ్ల సూది కథ చెప్పి ఉంటే ఇంకా భయపడేది. మావాళ్లది బోలు కాదు, గట్టిది," అన్నాడు. బాను ఎదుట బెల్లం పూతరేకు పెట్టి, "అమ్మా, మా ఆవిడ సీతామహాలక్ష్మికి పోయినేడు రెండు కళ్లూ చేయించాం. ఇప్పుడు నేను కాఫీలో ఎంత చక్కెర వేసుకుంటున్నానో హాలులోంచే చూస్తోంది," అన్నాడు. బాను నవ్వింది కానీ తల అడ్డంగానే ఊపింది.

సనా ఇద్దరికీ చెప్పి చూసింది, బతిమాలింది, చివరికి, తాను పంపిన బాను కళ్ల ఫొటో చూసిన డాక్టరు మాట కూడా చెప్పింది. బానుకు పొర గట్టిపడిపోయిందట. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ కూడా కష్టమవుతుందట.

బాను అంది. "మీ దాదాను ముందుగాల పోనియ్యి. పొయ్యొచ్చి చెప్పనియ్యి. గాయిన ఎన్నడు మందికి జరిగింది చెప్పుడే గని, తనకు జరిగింది చెప్పలే."

సనా నా వైపు చూసింది. చూసే ఉంటుంది.

"ఆపరేషన్‌కు నా పేరు రాయించు బిడ్డా," అన్నాను.

డిసెంబర్ 3, మంగళవారం

రేపే. ఎవరూ అడగకపోయినా రాస్తున్నాను: భయంగానే ఉంది.

డిసెంబర్ 4, బుధవారం

(సనా రాస్తోంది, నేను చెబుతున్నాను. ఒక కంటికి గంత.)

బల్ల మీద పడుకోబెట్టారు. చుక్కలు వేశారు. ముఖం మీద గుడ్డ కప్పి కన్ను ఒక్కటే బయట పెట్టారు. డాక్టరమ్మ చిన్న పిల్ల, సనా కంటే రెండేళ్లు పెద్దదేమో. సూది ఎప్పుడు దిగుతుందా అని పిడికిళ్లు బిగించుకుని కాచుకున్నాను. లోపల తెల్లని, నీలం వెలుగులు నీళ్లలో పడినట్టు కదులుతున్నాయి. ఏదో యంత్రం సన్నగా కూస్తోంది.

"అమ్మా, అదేంది కూస్తాంది?" అన్నాను.

"పొరను పొడి చేసి, బోలు సూదితో పీల్చేస్తున్నాం తాతగారూ."

పీల్చేస్తున్నారు! వెయ్యేళ్ల తర్వాత, నా కంట్లోనే! "అమ్మా, మోసూల్‌ల ఒక హకీం ఉండె..." అని మొదలుపెట్టాను.

"తాతగారూ, దయచేసి కాసేపు మాట్లాడకండి. కన్ను కదులుతోంది."

నోరు మూసుకోమని నా బతుకులో ఇంత మర్యాదగా ఎవరూ చెప్పలేదు. మూసుకున్నాను. అంతలోనే అయిపోయిందన్నారు.

(దాదా, చాలు. ఇగ పండుకో.)

డిసెంబర్ 5, గురువారం

నా చేత్తో రాస్తున్నాను. గీతల మీదే రాస్తున్నాను. ఇంతకాలం ఈ గీతలు ఉన్నాయని మరిచిపోయాను.

పొద్దున గంత తీశారు. ముందు కనిపించింది గోడ మీద క్యాలెండర్, దాని మీద అంకెలు. ఇంటికొచ్చే దారి పొడుగునా దుకాణాల బోర్డులన్నీ పైకి చదివాను. మేడ్చల్‌లో ఇన్ని టిఫిన్ సెంటర్లు ఉన్నాయని నాకు తెలియదు. కాలనీ బ్యానర్ మీద నా ఫొటో స్పష్టంగానే ఉంది. ట్యూబ్‌లైట్ కూడా బాగానే వెలుగుతోంది. పాతదాన్ని అనవసరంగా మార్పించాను.

దారిలోనే అంతా కూర్చుకున్నాను. వెలుగులు ఎలా కదిలాయో, యంత్రం ఎలా కూసిందో, పొడి ఎలా అయ్యిందో, వెయ్యేళ్ల కిందటి మనిషి ఆలోచన చిన్న పిల్ల చేతిలో ఎలా పనిచేసిందో, మొదలు నుంచి చివర దాకా. ఈసారి పేజీలు చిరగని కథ నాది. ఇంత మంచి కథ నా దగ్గర ఇదివరకెన్నడూ లేదు.

బాను మంచం మీద కూర్చుని ఉంది. సనా గుమ్మం దగ్గర నిలబడింది. ప్లాస్టర్ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మసకబారిన ఆ రెండు కళ్లు నా గొంతు వచ్చే దిక్కుకు తిప్పి బాను అడిగింది.

"నొప్పయ్యిందా జీ?"

నోరు తెరిచాను. ఆమె ముఖం చూశాను. కథ మొదలవుతుందని ముందే గుండె చిక్కబట్టుకుని కూర్చుంది.

"లేదు," అన్నాను.

ఆమె ఇంకా కాచుకుంది. నేను ఇంకేమీ అనలేదు. పెరట్లో కోడి గీరుతున్న చప్పుడు వినిపించింది. సనా కూడా నా వైపే చూస్తోంది, తర్వాతేమిటని. తర్వాతేమీ లేదు.

"గంతేనా?" అంది బాను.

"గంతే."

 బాను మంచి చేత్తో దుపట్టా సర్దుకుంది.

"నువ్వు ఒక్క మాటతోటి ఆపినవంటె నిజమే అయ్యుంటది. సనా, నా పేరు గూడ రాయించు బిడ్డా."